ఆస్కార్‌కు వేసిన కొసరు

బేరం ఆడకుండా నేను కొన్న వస్తువు ఒక్కటే ఉంది. జనగామలో మా బట్టల దుకాణం గుమ్మం పక్కన, బాపు గల్లాపెట్టెకు ఎదురుగా పెట్టిన చేపల తొట్టి. మిగతావన్నీ బేరం ఆడే కొన్నాను. బస్టాండులో మక్కకంకుల దగ్గర ఆడాను, దవాఖానలో మందుల చీటీ చేతపట్టుకుని కూడా ఆడాను. నా పెళ్లిలో అయ్యగారు దక్షిణ అడిగితే అలవాటుకొద్దీ సగానికి అడిగానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్విస్తుంది.

ఆ తొట్టి అమ్మింది మా అక్క మొగుడు. దుకాణదార్ల ఇళ్లలో ఒక మర్యాద ఉంది. బయటివాళ్లతో ఎంతసేపైనా గుంజుకోవచ్చు కానీ సొంత చుట్టం దుకాణంలో ధర మీద నోరెత్తకూడదు. ఆయన చెప్పినంత మనం ఇవ్వాలి, న్యాయమైనంతే ఆయన చెప్పాలి. బాపు ఆ మాటను దేవుడి మాటలాగే నమ్మేవాడు. నేనూ నమ్మాను.

బావకు మహబూబాబాద్‌లో, అదే మానుకోటలో, ప్లాస్టిక్ సామాన్ల దుకాణం. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఒకనాడు బంద్, ఒకనాడు రైల్‌రోకో, మరోనాడు రోడ్డు మీదే వంటావార్పు. షట్టర్ ఎత్తి ఉంచినంతసేపు మళ్లీ దించి ఉంచేవాళ్లం. ఆ మందకొడి రోజుల్లో బావ, దుకాణంలో చేపలుంటే గిరాకీ పెరుగుతుందని వాస్తు చెప్పేవాళ్ల మాట పట్టుకుని తొట్లు అమ్మడం మొదలుపెట్టాడు. మొదటి తొట్టి మాకే పంపాడు. అందులో పచ్చటి మొక్కలు, రంగురంగుల బుల్లి చేపలు, వాటి మధ్య నల్లటి ఒంటి మీద నారింజ మరకలున్న ఒక పిల్ల చేప ఉన్నాయి. దాని పేరు ఆస్కార్ అన్నాడు.

"గిది పాచి తింటది బామ్మర్ది. నువ్వు అద్దం తుడిచే పనే ఉండది," అన్నాడు. నేను తల ఊపాను.

కొన్నాళ్లకు బుల్లి చేపలు తగ్గడం మొదలైంది. జబ్బు చేసి చస్తున్నాయేమో అనుకున్నాను, కానీ చచ్చిన చేప ఒక్కటీ కనబడలేదు. ఒక ఉదయం షట్టర్ ఎత్తేసరికి ఆస్కార్ నోట్లోంచి చిన్న ఎర్ర తోక బయటికి వేలాడుతూ ఉంది. ఏకాదశికి ఉల్లిగడ్డ కూడా తాకని మా ఇంట్లో, లక్ష్మీదేవి పటం కింద, మేం అపురూపంగా పెంచుతున్నది తోటి చేపల్ని మింగే చేపను. బాపు చూడకముందే నేను అడ్డంగా నిలబడ్డాను.

అప్పటికే అదంటే నాకు ప్రాణం. నన్ను గుర్తుపట్టి అద్దం దగ్గరికి వచ్చేది. అది బేరగాడు. మామూలు మేత వేస్తే వాసన చూసి, ఉమ్మేసి, పక్కకు తిరిగి ఊరుకునేది. నేనే దిగివచ్చి ఎండు రొయ్య వేసేదాకా మొహం చూపించేది కాదు. మా దుకాణంలో నన్ను ఓడించిన గిరాకీ అదొక్కటే. ఆ రొయ్యల్ని చొక్కాల అట్టపెట్టెలో దాచేవాణ్ణి. ముక్కుపుటాలు ఎగరేసిన ఆడవాళ్లకు కొత్త నూలు వాసన అలాగే ఉంటుందని సర్దిచెప్పాను.

పాచి మాత్రం పెరిగింది. ముందు అద్దం మీద ఆకుపచ్చ పొర, తర్వాత మొక్కల మీద జుట్టులాంటి పీచు. బావకు ఫోన్ చేస్తే పాచి తినే చేపలంటూ బొటనవేలంత సక్కర్ చేపల్ని పంపాడు. సాయంత్రానికి ఒక్కటీ లేదు. తర్వాత నీలం మందు సీసా పంపాడు. అది పోస్తే మొక్కల ఆకులు కుళ్లి, ఆ కుళ్లు మీద పాచి ఇంకా బలిసింది. మొక్కలకు వెలుతురు చాలడం లేదని పెద్ద ట్యూబ్‌లైట్ పంపాడు. దాని వెలుగులో పాచి పండగ చేసుకుంది. ప్రతిసారీ ఆయన చెప్పినంత ఇచ్చాను.

ఉద్యమంలో పెద్ద సమ్మె మొదలై దుకాణాలన్నీ మూతబడ్డప్పుడు బాపు తొట్టి వైపు చూశాడు. చేప కనబడటం లేదు, ఆకుపచ్చ గోడ ఒక్కటే కనబడుతోంది.

"దుకాణం ముంగట మురికి పెట్టుకొని ఎవలన్నా బట్టలమ్ముతరార? సమ్మె అయి షట్టర్ లేపేనాటికి గిది సాఫ్ గాకుంటే మీ బావకిచ్చెయ్. తీస్కపోత అంటున్నడు," అన్నాడు.

బావ ఎందుకంత ఉదారంగా తీసుకుపోతానన్నాడో నాకప్పుడు తట్టలేదు. పాపం, నా కష్టం చూడలేకనే అనుకున్నాను. చేప పోతుందన్న దిగులు ఒక్కటే ఉంది.

ఆ మధ్యలో భూపాలపల్లిలో చుట్టాల ఇంట నిశ్చితార్థం వచ్చింది. బస్సులు లేవు, మోటార్‌సైకిల్ మీద పోయాను. బొగ్గుబావుల్లో కూడా సమ్మె. చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలను దూరం నుంచి చూస్తూ, ఇంత కరెంటు పుట్టే చోటికి వచ్చినా మనకు కోతలేనా అనుకుంటూ టీ కోసం సగం తెరిచిన హోటల్లోకి దూరాను. లోపల గోడ పక్కన తొట్టి. అందులో అరచేతికి మించిన ఆస్కార్. అద్దం అప్పుడే కడిగినట్టుంది, మొక్కల మీద పీచు పోగు లేదు.

ఈ చేప పాచి బాగా తింటుందా అని హోటలాయన్ని అడిగాను. ఆయన నవ్వాడు. పాచి తినదని, చేపల్నే తింటుందని, పాచి తినే చేపను వేస్తే దాన్నీ మింగుతుందని చెప్పాడు. ఎండ తగలని చోట తొట్టి పెట్టాడట, లైటు పొద్దున కాసేపే వేస్తాడట, మేత తక్కువ పెడతాడట, వారం వారం కొంత నీళ్లు మారుస్తాడట. మందులు అసలే వాడడట. ఇవన్నీ ఎవరు చెప్పారని అడిగాను.

"మానుకోటల అమ్మినాయనే చెప్పిండు. నేను గట్టిగ బేరమాడిన గద, అన్ని ఇప్పి చెప్పిండు. మంచోడే అన్న. జనగామల ఆయన చుట్టమొకాయన ఉన్నడట, ఏది పంపినా కిమ్మనకుంట తీసుకుంటడట. గా ముచ్చట చెప్పి మస్తు నవ్విండు."

టీ గ్లాసు చేతిలో పట్టుకుని నేనూ నవ్వాను. హోటలాయన మాటల్లో ఇంకొకటి తెలిసింది. ఇంత పెరిగిన చేప కావాలని ఎవరో బావను అడుగుతున్నారట, త్వరలో ఒకటి వస్తుందని బావ మాటిచ్చాడట. దారంతా నా బాధ ఆయన మోసం గురించి కాదు. మోసం మా వృత్తిలో కొత్తదా? బేరమాడిన పరాయివాడికి నిజం దొరికింది, మర్యాదకు నోరు మూసుకున్న నాకు నీలం సీసా దొరికింది. అది మింగుడు పడలేదు.

జనగామ వచ్చాక దించిన షట్టర్ వెనక పనిలో పడ్డాను. కరెంటు కోతల చీకటికే పాచి సగం పాలిపోయి ఉంది. నేను లైటు అసలు వేయలేదు. తొట్టిని తూర్పు ఎండ పడే గుమ్మం దగ్గరి నుంచి లోపలి గోడకు జరిపాను. పీచు వేళ్లకు చుట్టి లాగేశాను. మిగిలిన మొక్కల్ని, చేప పెకిలించకుండా, రీలు దారంతో రాళ్లకు కట్టాను. కరెంటు లేక గాలి మోటారు ఆగినప్పుడు చెంబుతో నీళ్లు ఎత్తి పోస్తూ కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది నా చేతి గుణం. బట్ట కొలిచాక రెండు వేళ్లు కొసరు వదిలినట్టే, మేత వేశాక ఇంకో చిటికెడు వేసేవాణ్ణి. వచ్చిన గిరాకీల పిల్లలతో కూడా వేయించేవాణ్ణి. చేప వదిలేసిన ఆ కొసరంతా పాచి తిని బతికింది. మేత తగ్గిస్తే ఆస్కార్ నా వైపు తోక చూపించి కూర్చుంది. ఈసారి నేను దిగలేదు.

సమ్మె ముగిసి షట్టర్ ఎత్తిన రోజు బావ మూత ఉన్న పెద్ద బకెట్‌తో వచ్చాడు. అక్కా వెంట వచ్చింది. బాపు తొట్టి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. చేప అద్దానికి ఆనుకుని నిలబడి ఉంది.

"చూసినవా, నా మందు పనిచేసింది," అన్నాడు బావ. "అయినా తీస్కపోత తియ్. నీకెందుకు పరేషాన్."

"ఎంతిస్తవ్ బావా?"

బాపు చేతిలోని గజం కడ్డీ ఆగిపోయింది. మా ఇంట్లో అల్లుడిని ఆ మాట ఎవరూ అడగలేదు.

"మనల మనకు బేరమేందిర?"

"భూపాలపల్లిల చాయ్ తాగిన. మస్తుగున్నది హోటలు. లోపట చేప గూడ ఉన్నది," అన్నాను.

బావ బకెట్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. చేపను తీసుకుపోవడం లేదా అని అక్క అడిగింది. బకెట్‌లో పట్టదని ఆయన అన్నాడు. అవును, పెద్దగైంది అని నేనూ అన్నాను. అక్క ముందు అంతకన్నా ఏం అనగలను? బాపు మాత్రం నన్నొకసారి, ఆయన్నొకసారి చూసి, గల్లా వైపు తిరిగాడు.

పోయేముందు బావ ప్యాంటు గుడ్డ కావాలన్నాడు. అల్లుడికి జానెడు ఎక్కువే వదలడం మా దుకాణం ఆనవాయితీ. నేను గుడ్డను కడ్డీ మీద పరిచి, చుక్క పెట్టి, ఆ చుక్క మీదే కత్తెర నడిపాను.