దూరపు బండికి అరువు చెవులు

మేస్త్రి గారు పొద్దున్నే ఎనిమిదింటికల్లా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వంటింట్లోంచి పది అడుగులు వేసి ఉద్యోగానికి వెళ్తారు. పది అడుగుల అవతల పడగ్గది. అందులో కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద రెండు తెరలు. ఎక్కడో వందల మైళ్ళ దూరాన ఒక గ్యారేజీలో బండి మొరాయిస్తే, అక్కడి మెకానిక్ స్టీరింగు కింద ఉండే ప్లగ్గుకి అగ్గిపెట్టెంత డబ్బా తగిలిస్తాడు. ఆ డబ్బా ఇంటర్నెట్ మీదుగా బండి లోపలి సంగతులన్నీ మోసుకొచ్చి మేస్త్రి గారి తెర మీద పోస్తుంది. ఇంజను వేడి ఎంత, నూనె ఒత్తిడి ఎంత, ఏ సిలిండర్‌కి ఎంత డీజిల్ పోతోంది, అన్నీ గీతలూ అంకెలే. ఇక్కడ మీట నొక్కితే అక్కడ ఫ్యాను తిరుగుతుంది. చేతికి మసి అన్నది అంటదు. అయినా భోజనానికి లేచే ముందు ఆయన పాత గుడ్డపేలిక తీసి చేతులు తుడుచుకుంటారు. ముప్పై ఏళ్ళ అలవాటు, ఎవరు మాన్పించగలరు?

ఆయన్ని అందరూ చెవుల మేస్త్రి అనేవాళ్ళు. సొంత షెడ్డు ఉన్న రోజుల్లో బండి ఇంకా గేటు దాటకుండానే, తల కాస్త పక్కకి వంచి, "మూడో సిలిండరు" అనేసేవారు. కొందరు అదంతా గొప్పల కోసం అనుకునేవాళ్ళు. విప్పి చూస్తే మూడో సిలిండరే. రోగం కనిపెట్టడానికి ఆయనకి ఇంకే పనిముట్టూ అక్కర్లేకపోయేది. ఆ మాటకొస్తే ఉన్న పనిముట్లని కూడా చిన్నచూపు చూసేవారు.

నాలుగేళ్ళ కిందట విడవకుండా జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. డాక్టర్లు చూశారు, చెవుల్లో మిషన్లు పెట్టారు. వాటిలోంచి మాట రాలేదు, రొద వచ్చింది. చెవులు పోయాయి గానీ చెవుల మేస్త్రి అన్న పేరు మాత్రం పోలేదు. అది విన్నప్పుడల్లా ఆయన భార్యకి ప్రాణం చివుక్కుమనేది. వినపడదు కనుక ఆయనకి ఆ బాధ లేదు.

షెడ్డు మూసేశారు. ఏడాది పాటు కుర్చీలో గోడకి ఎదురుగా కూర్చున్నారు. మాట్లాడితే గొంతు ఎంత పెద్దదవుతోందో తెలియదు కాబట్టి ఇంటి గుట్టంతా పై అంతస్తు వాళ్ళకి తెలిసిపోయేది. భార్య అరచేయి కిందికి ఊపి తగ్గించమనేది. చివరికి ఆయనే అలిగి మాట్లాడ్డం మానేశారు. ఆవిడ ఒక పలక కొనుక్కొచ్చింది. ఏది చెప్పాలన్నా దాని మీద రాసి చూపించేది. తిట్లు కూడా పలక మీదే. తిట్టేటప్పుడు ఆవిడ రాత పెద్దదవుతుంది, పలక చాలదు, సగం తిట్టు తుడిచి మిగతా సగం రాయాలి. అప్పటికి కోపం చల్లారిపోయేది.

ఈ ఉద్యోగం తెచ్చిపెట్టింది బావమరిది. విడిభాగాల కొట్టులో పనిచేస్తాడు, అక్కడికి వచ్చిపోయే కంపెనీ మనిషి చెవిలో బావ పేరు వేశాడు. చెవుడు సంగతి మాత్రం వెయ్యలేదు. వీడియోలో ఇంటర్వ్యూ జరిగింది. కెమెరాకి కనపడకుండా బావమరిది తెర వెనక నిలబడి, అవతలివాళ్ళు అడిగిన ప్రశ్నని గబగబా పలక మీద రాసి ఎత్తి పట్టుకునేవాడు. మేస్త్రి గారు చదువుకుని, నిదానంగా జవాబు చెప్పేవారు. ప్రతి ప్రశ్నకీ అంతసేపు ఆలోచించి గానీ పెదవి విప్పని మనిషిని తామెక్కడా చూడలేదని కంపెనీ పెద్ద మెచ్చుకుంది. ఫోనులో మాట్లాడే సంగతి వచ్చినప్పుడు మాత్రం, మెకానిక్‌లు హడావుడిగా ఏదో చెప్తారు, రాతలో ఉంటే రేపు తకరారు రాదు, నేను రాతే నమ్ముతాను అని ఈయన చెప్పారు. అదీ బాగుందన్నారు. అబద్ధమంటే అబద్ధమే, చెప్పినవాడు మంచివాడైనంత మాత్రాన నిజమైపోదు. మేస్త్రి గారికీ ఆ సంగతి తెలుసు. మూడేళ్ళు ఆ ముల్లు మీదే కూర్చుని పని చేశారు.

పని మాత్రం ప్రాణంగా చేశారు. చెవులున్నప్పుడు చులకన చేసిన అంకెల్ని ఇప్పుడు అక్షరాలు దిద్దినట్టు నేర్చుకున్నారు. గీత వంకరని చూసి గొట్టంలో చిల్లు ఎక్కడుందో చెప్పేవారు. సాయంత్రం తెరలు ఆర్పాక మళ్ళీ నోరు విప్పి భార్యతో, ఇవాళ ఆరు బండ్లు లేచాయి అనేవారు, పై అంతస్తు వరకూ వినపడేలా. ఆవిడ చెయ్యి ఊపేది కాదు. విననీ, ఆరు బండ్లు లేచాయని వాళ్ళకీ తెలియనీ అనుకునేది.

ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి కొండదారి గ్యారేజీ నుంచి పిలుపు వచ్చింది. ఆ గ్యారేజీ నడిపేది ఒక అమ్మాయి. తండ్రి పోయాక ఆయన రెంచీలు తానే అందుకుంది. బండి రోగుల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాను. కొండ మీది ఇళ్ళల్లో ఆరుగురున్నారు, వారానికి మూడుసార్లు దిగువకి వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకోవాలి. వాళ్ళకి ఆ వ్యాను తప్ప దిక్కు లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి బయల్దేరాలి. ఇంజనులోంచి దెబ్బలు వినపడుతున్నాయని అమ్మాయి రాసింది.

మేస్త్రి గారు ఇంజను పేజీలన్నీ తిరగేశారు. నూనె ఒత్తిడి బాగుంది. వేడి బాగుంది. నాలుగు సిలిండర్లూ సమానంగా పనిచేస్తున్నాయి. ఒక్కొక్క సిలిండరుకీ డీజిల్ ఆపి చూసినా గీతల్లో తేడా లేదు. తెర మీద ఆ బండికి జలుబు కూడా లేదు. కానీ ఇంజను అడుగున బేరింగు అరగడం మొదలైతే మొదట్లో అంకెల్లో ఏమీ పడదు, చెవికే తెలుస్తుంది. అదే అయితే కొండ మలుపులో ఇంజను పట్టేస్తుంది, లోపల ఆరుగురు రోగులుంటారు. అది కాకపోతే మంచి ఇంజనుని ఊరికే విప్పినట్టవుతుంది, వ్యాను రెండు వారాలు మూలపడుతుంది.

అమ్మాయి మళ్ళీ రాసింది: "మేస్త్రి గారూ, నాకూ ఎటూ తేలడం లేదు. వీడియో కాల్ చేసి ఫోను ఇంజను దగ్గర పెడతాను. మీరు ఒక్కసారి వినండి. చెవుల మేస్త్రి అంటే మా నాన్న కూడా చెప్పేవాడు."

మేస్త్రి గారి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. దాటెయ్యడానికి దారి ఉంది, అదీ నున్నటి దారి. 'అనుమానం ఉంది, ఇంజను విప్పండి' అని రాస్తే చాలు. ఎవరూ తప్పు పట్టరు. జాగ్రత్తపరుడు అంటారు. ఉద్యోగం నిలుస్తుంది. రెండు వారాలు ఆ ఆరుగురూ ఏం చేస్తారన్నది ఏ కాగితంలోనూ ఉండదు. ఆయన ఆ మాట రాసేశారు కూడా. పంపే మీట మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. ఆ ఏడాది కుర్చీ, ఆ గోడ కళ్ళ ముందుకొచ్చాయి. మళ్ళీ అక్కడికే పోవాలి. భయపడ్డారు, అందులో దాపరికమేం లేదు.

తర్వాత రాసిందంతా కొట్టేసి ఇంకొకటి రాశారు: "అమ్మా, నాకు చెవులు వినపడవు. నాలుగేళ్ళయింది. కంపెనీకి తెలియదు. నేను వినలేను." మళ్ళీ చదువుకోకుండా పంపేశారు.

మేస్త్రి గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. అప్పుడు తెర మీద ఒక్క వాక్యం వచ్చింది: "సరేనండి, మీ ఇంట్లో చెవులున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఆయనకి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. జాలి చూపించలేదు, ఎందుకు దాచారని నిలదీయలేదు. పనికి ఏం కావాలో అడిగింది, అంతే. ఆ అమ్మాయి తండ్రి అదృష్టవంతుడు అనుకున్నారు. కుర్చీలోంచి కేక పెట్టారు. భార్య తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. సంగతి విని, తనకి ఇంజన్ల గురించి ఏం తెలుసని పలక మీద రాసింది. ఏమీ తెలియక్కర్లేదు, ఏం వినిపిస్తోందో రాయి చాలు అన్నారాయన.

అమ్మాయి చేసిన కాల్ అందుకుని, ఫోను చెవికి ఆనించుకుని ఆవిడ కళ్ళు మూసుకుంది. పరీక్ష రాయడానికి కూర్చున్నట్టుంది మొహం. కాసేపటికి 'టకటక' అని రాసింది. లోతుగానా, పైపైనా అని ఆయన అడిగారు. తలుపుని పిడికిలితో గుద్దినట్టుందా? ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆలోచించి, 'గాలికి గడియ పెట్టని కిటికీ రెక్క కొట్టుకుంటున్నట్టు' అని రాసింది. బేరింగు అలా అనదు. మేస్త్రి గారి వెన్ను నిటారైంది. కాసేపటికి ఆవిడ ఇంకొకటి రాసింది: 'ఆగిపోయింది.' వెంటనే తుడిచి, 'మళ్ళీ వచ్చింది.'

వచ్చి పోయే దెబ్బ! బేరింగు దెబ్బ ఇంజను తిరిగినంతసేపూ ఉండాలి కదా. ఆయన పలక పక్కన పెట్టించారు. వినిపించినంతసేపూ నా భుజం మీద చెయ్యి వెయ్యి, ఆగితే తియ్యి అన్నారు. ఆవిడ చెయ్యి వేసింది. తీసింది. వేసింది. ఆయన కళ్ళు తెర మీద ఒక్కో పేజీనీ వెతికాయి. ఇంజను పేజీల్లో ఏదీ ఆ చేతితో కలవలేదు. చివరికి, పొద్దుట్నుంచీ తెరవని పేజీ ఒకటి తెరిచారు. చల్లగాలి మిషనుది. చల్లదనం పుట్టించే కంప్రెసరు ఆన్, ఆఫ్, ఆన్. చెయ్యి పడింది, ఆన్. చెయ్యి లేచింది, ఆఫ్. పదిసార్లు చూశారు. పదిసార్లూ కలిసింది.

చల్లగాలి కట్టేశానని అమ్మాయి ముందే రాసింది. కట్టింది డ్రైవరు ముందున్న మీట. రోగుల గదిలో వెనక ఇంకో మీట ఉంది, మందుల పెట్టె చల్లగా ఉండాలని దాన్ని ఎవరూ కట్టరు. రోజూ ఆ బండితో ఉండేవాళ్ళు కనుకే దాన్ని మర్చిపోయారు. మేస్త్రి గారు ఇక్కణ్ణుంచే కంప్రెసరుని ఆపేశారు. భుజం మీది చెయ్యి లేచింది. అర నిమిషం, నిమిషం, రెండు నిమిషాలు. ఆ చెయ్యి మళ్ళీ దిగలేదు.

అమ్మాయి బండి కిందికి దూరింది. కంప్రెసరుని పట్టి ఉంచే బోల్టుల్లో ఒకటి విరిగింది, రెండోది వదులైంది. ఇంజనుకి కొట్టుకుంటున్నది అదే. ఫోటో పంపింది. పదకొండున్నరకి కొత్త బోల్టులు బిగించింది. ఒంటిగంటకి వ్యాను ఆరుగుర్నీ ఎక్కించుకుని కొండ దిగింది.

మిగిలింది కంపెనీకి పంపాల్సిన రిపోర్టు. 'ఎలా కనుగొన్నారు' అన్న గడిలో మేస్త్రి గారు ఉన్నదున్నట్టు రాశారు. విన్నది నా భార్య, నాకు చెవుడు, మూడేళ్ళుగా దాచాను, క్షమించండి. బావమరిదికి ఫోను చేసి చెప్పమని భార్యని పురమాయించారు. అతను అవతల నెత్తి కొట్టుకున్నాడట. సాయంత్రం నాలుగింటికి కంపెనీ పెద్ద జవాబిచ్చింది: "దాచినందుకు నాకు బాధగా ఉంది. మూడేళ్ళ మీ పని చూశాను కాబట్టి ఇది కోపం కాదు. మీ పేరు పక్కన 'రాసి మాత్రమే సంప్రదించాలి' అని చేర్చాం. ఇక ఎవరూ ఫోను చెయ్యరు." మూడేళ్ళ ముల్లు తియ్యడానికి ఒక్క లైను పట్టింది.

భార్య ఇంకా పక్క కుర్చీలోనే ఉంది. ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏదో ఆలోచిస్తోంది. పలక అందుకుని రాసింది: 'టకటక ఆగాక ఇంజను ఒక్కటే వినపడింది. ముప్పై ఏళ్ళు మీరు వంగి వంగి విన్నది అదేనా?'

అదే అన్నారాయన.

'అంతా రొద అనుకునేదాన్ని. మీరింటికొస్తే తలనొప్పి మోసుకొచ్చారని సణిగేదాన్ని. బాగుందండీ.'

మేస్త్రి గారు తెరలు ఆర్పేశారు. వేళ కాకుండా తెరలార్పడం మూడేళ్ళలో అదే మొదలు. కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ అనని మాట అన్నారు, నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో అని. పై అంతస్తులో కిటికీ తెరుచుకుంది, అంత గట్టిగా అన్నారు మరి. ఆవిడ చెయ్యి ఊపలేదు.

"నేను విని నాలుగేళ్ళయింది," అన్నారు. "ఎలా ఉందో చెప్పు. మొత్తం చెప్పు."

ఆవిడ పలకని రెండువైపులా శుభ్రంగా తుడిచి, రాయడం మొదలుపెట్టింది.