మా అక్క సవతికి పొగ పరీక్ష

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. నలభైకి దగ్గరపడేసరికి ఆ తెలిసినవాటిలో సగం తప్పని తేలిపోతాయి, మిగతా సగం గుర్తుండవు. ఆ రోజుల్లో నేను పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో కాగితాలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి మోసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. గోపాలపట్నంలో అక్కావాళ్ల ఇంట్లో ఉండేవాణ్ణి. మూడు పూటలా వాళ్ల అన్నం తింటూ, అందుకు కృతజ్ఞతగా అడిగినా అడక్కపోయినా అందరికీ సలహాలిస్తుండేవాణ్ణి. (నాకు అన్నం పెట్టడం ఏమంత కష్టం కాలేదనీ, నా సలహాలు అరిగించుకోవడమే కష్టమైందనీ అక్క ఇప్పటికీ అంటుంది.) ఆ సలహాల్లో ఒకటి ఒక కారుని తుక్కు కొట్టుదాకా తీసుకెళ్లింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ పది రోజుల అలసట ఇంకా ఒంట్లో ఎక్కడో ఉన్నట్టే ఉంటుంది.

కారు మా బావది. బావ ఉక్కు ఫ్యాక్టరీలో, ఫర్నేసు దగ్గర షిఫ్టుల ఉద్యోగి. ఆ కారు డీజిల్ బండి, టర్బో బండి. టర్బో అంటే పెద్ద విషయమేమీ కాదు, కట్టెల పొయ్యిలోకి గొట్టంతో ఊదినట్టు ఇంజన్లోకి గాలి ఊదే చక్రం. కంపెనీవాళ్లు ఇచ్చిన ఊదుడు బావకి ఆనలేదు. ఎక్కడో విరిచేసిన పెద్ద బండి నుంచి పెద్ద టర్బో తెచ్చి బిగించాడు. దానికి తగ్గట్టు డీజిల్ ఎక్కువ పోయేలా పంపు స్క్రూ తిప్పాడు. సైలెన్సర్ తీసేసి మోచెయ్యి పట్టేంత గొట్టం పెట్టాడు. గాలి పీల్చే ఫిల్టరు కూడా మార్చి, డబ్బా మూతా లేకుండా మడతలు మడతలుగా గుడ్డతో చేసిన గరాటులాంటిది తగిలించాడు. ఇదంతా ఎవరి సాయమూ లేకుండా, సెలవు రోజుల్లో వీధిలో గోనెపట్టా పరుచుకుని చేసిందే. కారు వేగమందుకుంటే సన్నగా ఈల వేసేది. బావ షిఫ్టు దిగి సందు మలుపు తిరుగుతున్నాడంటే ఆ ఈల ముందొచ్చేది, బావ తర్వాత వచ్చేవాడు.

మా అక్క దాన్ని సవతి అనేది. "సెలవొస్తే సాలు, దాని కిందే పడుంటాడ్రా. నాను పిలిస్తే 'ఆ' అంటాడు, అది దగ్గితే పరిగెడతాడు," అని నాతో చెప్పుకునేది. అలాంటి సవతికి ఆ ఏడు పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలి. అందుకు ముందు బండిని రవాణా ఆఫీసులో చూపించాలి, అక్కడికి వెళ్లాలంటే అంతకు ముందు పొగ సర్టిఫికెట్ ఉండాలి. ఒక రోజు అన్నం దగ్గర అక్క గట్టిగా అడిగేసింది, ఈ ముసలి బండితో ఇంకా ఎన్నాళ్లని. బావ చెయ్యి కడిగేసుకుని, "ఇది పొగ పరీచ్చ పాసవకపోతే తుక్కుకి ఇచ్చేత్తాను. నీ మీదొట్టు. మళ్లీ ఇంజను మాటెత్తను," అన్నాడు. ఆ మాటకి మా ముగ్గురిలో ఎక్కువ భయపడింది బావే. ఫ్యాక్టరీలో వేలమంది కలిసి ఉక్కు పోస్తారు, ఏ ముక్క ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. ఇది నేను చేశాను అని బావ చెయ్యి పెట్టి చూపించగలిగింది లోకంలో ఆ కారొక్కటే. అది నాకు తెలుసు కాబట్టే, "బావా, నువ్వు షిఫ్టులు సూసుకో, పొగ సంగతి నాను సూసుకుంటాను," అన్నాను. (నాకు అప్పటికి సైకిల్ చెయిను ఎక్కించడం వచ్చు.)

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ రోజున బావ బానెట్ ఎత్తి పెట్టి, స్నానానికి వెళ్లాడు. అక్క పసుపుగిన్నె, కుంకుమభరిణె పట్టుకుని కారు ముందు నిలబడింది. బ్యాటరీకి పెట్టింది, రేడియేటర్‌కి పెట్టింది, నీళ్ల డబ్బాకి పెట్టింది. అప్పుడు నన్ను పిలిచి, "ఒరే, దీన్లో ముఖ్యమైందేటిరా? అన్నిటికన్నా దేనికి బాగా పెట్టాలి?" అంది. నా నోటినిండా పులిహోర ఉంది. అయినా ఆ ఇంట్లో నన్ను అడిగి మరీ సలహా తీసుకోవడం అదే మొదటిసారి కాబట్టి, కక్కుర్తి ఆపుకోలేక గరాటు ఫిల్టర్ని చూపించి, "ఇదే దీని ముక్కు. ప్రాణమంతా ఇందులోనే ఉంది," అన్నాను. "అలాగేటి," అని అక్క ఇంకాసిన్ని నీళ్లు కలిపి, గడపకి పూసినట్టు ఒక్క మడత వదలకుండా పసుపు పూసి, మీద వరసగా కుంకుమబొట్లు పెట్టింది. ఎంత చక్కగా ఉందో అనుకుని నేను ఇంకో గరిటెడు పులిహోర పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న అక్క కాఫీ ఇస్తూ, "నిన్న మీ బావ డ్యూటీ నుంచి ఎప్పుడొచ్చాడ్రా? ఈల ఇనబడనేదు," అంది. నిద్రపోయుంటావులే అన్నాను. ఆ మాటని అక్కడే పట్టుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఎన్ఏడీ జంక్షన్ దాటాక ఒక పెట్రోల్ బంకు మూల పొగ పరీక్ష వ్యాను ఉండేది. అందులో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయిని డ్రైవర్లంతా పొల్యూషన్ మేడం అనేవారు. ఆవిడ సైలెన్సర్ గొట్టంలో ఒక తీగ దూర్చి, "నిండా తొక్కి వదలండి," అంది. బావ తొక్కాడు. నేను చాలా పొగలు చూశాను, ఫ్యాక్టరీ చిమ్నీల ఊళ్లో ఉన్నవాణ్ణి. అలాంటి పొగ చూడలేదు. నల్లగా, బరువుగా వచ్చి బంకంతా కమ్ముకుంది. అటుగా బుట్ట దించుకుని నీళ్లు తాగుతున్న ఒక చేపలావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఓలమ్మో, ఇయ్యి పచ్చి సేపలు బాబూ! పొగబెట్టీసి ఎండుసేపలు సేసేత్తావేటి?" అని అరిచింది. మేడం దగ్గుతూ ఒక కాగితం ఇచ్చింది. బావ దాన్ని భక్తిగా మడిచి జేబులో పెట్టుకోబోతే, "అది సర్టిఫికెట్ కాదండీ, ఫెయిలయినట్టు కాగితం," అంది.

అప్పుడు నా బుర్ర పని చెయ్యడం మొదలుపెట్టింది. "లోపల మసి పట్టేసింది బావా. హైవే మీద గట్టిగా తోలితే కాలిపోతాది," అన్నాను. సరేనని అనకాపల్లి దాకా వెళ్లి వచ్చాం. పూర్వం లారీలను ఒక్క ఈలతో దాటేసే బండి ఆ రోజు ఆయాసపడుతూ, వెనకాల నల్ల తెర పరుచుకుంటూ నడిచింది. ఒక లారీ డ్రైవరు పక్కకి వచ్చి, "బాబూ, బండి అంటుకుందేటి? నీలున్నాయి, కావాలా?" అని అడిగి మరీ పోయాడు. బావ మొహం చూడలేక నేను అద్దంలోంచి బయటకి చూస్తూ కూర్చున్నాను.

ఇంక మిగిలింది ఒకటే దారి. పెద్ద ఊదుడు కోసం చేసినవన్నీ వెనక్కి తీసెయ్యడం. ఈ సలహా కూడా నాదే. బావ షిఫ్టు నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా గోనెపట్టా పరుచుకుని, పంపు స్క్రూని ఎన్ని చుట్లు తిప్పాడో అన్ని చుట్లూ లెక్కపెట్టుకుంటూ వెనక్కి తిప్పాడు. అటక మీంచి పాత సైలెన్సర్ దించి, తుప్పు గీకి బిగించాడు. పాత టర్బో, పాత ఫిల్టరు డబ్బా ఎప్పుడో అమ్మేశాడు కాబట్టి అవి మాత్రం మార్చలేకపోయాడు. ఆ లావు గొట్టాన్ని గుడ్డతో తుడిచి గోడకి ఆనించి, "ఇంకేటి తియ్యాల్రా?" అని అడిగాడు. నన్ను వెటకారం చేస్తున్నాడేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అడిగాడు. మర్నాడు మళ్లీ వ్యాను దగ్గరికి వెళ్లాం. పొగ కాస్త తగ్గింది, అంతే. మేడం మా వంక జాలిగా చూసి, "సారీ అండీ," అంది. చేపలావిడ మా బండిని దూరం నుంచే గుర్తుపట్టి, బుట్ట నెత్తికెత్తుకుని రోడ్డు దాటేసింది.

ఆ సాయంత్రం బావ తుక్కు కొట్టువాడికి ఫోన్ చేసి, సోమవారం వచ్చి తీసుకుపొమ్మన్నాడు. రవాణా ఆఫీసులో మాకిచ్చిన రోజు శనివారం, రిజిస్ట్రేషన్ గడువూ ఆ రోజుతోనే సరి. సవతి పీడ వదులుతోంది కాబట్టి అక్క సంతోషిస్తుందనుకున్నాను. అక్క బావ కంచంలో అడక్కుండానే ఇంకో ముక్క చేప వేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు ముగ్గురం ఎంత అలిసిపోయామంటే, ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు.

శుక్రవారం ఆఖరి ప్రయత్నంగా (ఆఫీసులో పంటినొప్పి అని చెప్పి) బావని బలవంతాన వన్ టౌన్ తీసుకెళ్లాను. అక్కడ ఒక ముసలి భాయ్ ఉన్నాడు, పోర్టు లారీల డీజిల్ పంపులన్నీ ఆయన చేతుల మీదుగా వెళ్లినవే. భాయ్ ఇంజను చప్పుడు విన్నాడు, బానెట్ ఎత్తమన్నాడు, కళ్లజోడు సర్దుకున్నాడు. చాయ్ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

"బాబూ, ఇదేటి?" అన్నాడు.

"పసుపు, భాయ్," అన్నాను.

"పసుపని నాకూ తెలుసు. ఇక్కడెందుకుంది?"

"దసరాకి పూజ సేసినాం."

"ముక్కు మూసేసి పరిగెత్తమంటే పొగ రాక ఏటొస్తాది? గాలేదీ లోపలికి?" అని భాయ్ మిగిలిన చాయ్ తాగేశాడు.

మీకు కనిపించలేదా అంటారేమో. కనిపించింది. ఆ వారంలో నేనూ బావా ఆ ఫిల్టర్ని వందసార్లు చూశాం. బ్యాటరీకీ పసుపే, రేడియేటర్‌కీ పసుపే, ఇంట్లో గ్రైండర్‌కీ, కుట్టుమిషనుకీ, నా టూవీలర్‌కీ పసుపే. దసరా వెళ్లిన వారంలో పసుపు లేని వస్తువుంటే మా కంటికి ఆనేది గానీ, ఉన్న వస్తువు ఎలా ఆనుతుంది? బావ ఫిల్టర్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "మీ అక్కకి దీని ఊసు తెలీదు. ఎవులు సెప్పినారు దీనికి పుయ్యమని?" అన్నాడు. "ముక్కని నానే సెప్పాను బావా," అన్నాను. బావ నన్ను కొట్టి ఉంటే బాగుండేది. తాపీగా అక్కడున్న టైరు మీద కూలబడి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

కడిగేద్దాం రమ్మంటే భాయ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను ముట్టను. పూజ చేసిన అమ్మ ఉంది కదా, ఆమెని అడగండి," అన్నాడు. ఫోన్ చేశాను. విషయమంతా విని అక్క ఒక్కసారి లేచింది: "పెట్టిన బొట్టు తుడిసేత్తారేటి? ఎవలికైనా అలా తుడుత్తారేటి? సేతులెట్టకండి, నాను వస్తన్నాను!" గంట తిరక్కుండా ఆటో దిగింది, చేతిలో కుంకుమభరిణెతో. భాయ్ బేసిన్లో సబ్బునీళ్లు ఇచ్చాడు. అక్క ఆ గరాటుని చంటిపిల్లకి తలంటినట్టు, ఒక్కో మడతా వేలితో విప్పుతూ కడిగింది. బావ పక్కన నిలబడి నీళ్లు పోశాడు. భాయ్ గాలి కొట్టి ఆరబెట్టాడు. మళ్లీ బిగించాక అక్క ఫిల్టరు కొసన ఉన్న ఇనపబిళ్ల మీద వేలుపెట్టి, "ఇక్కడ ఒక్క సుక్క పెడితే ఊపిరాడతాదా భాయ్?" అని అడిగింది. "ఆడతాది తల్లీ, పెట్టు," అన్నాడాయన.

ఊరుకోవచ్చు కదా, నేను ఊరుకోలేదు. "సవతంటావు కదే, పోతే పోనీ అనక ఇంత దూరం వచ్చావేటి?" అన్నాను. అక్క బొట్టు పెడుతూనే, నా వంక చూడకుండా, "సవతైతే? బొట్టు తుడిసి తుక్కుకి పంపుతానేటి? ఇది పాసవ్వాలని మొక్కుకునే అంత దట్టంగా పూసాన్రా," అంది. బావ ఆ బేసిన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అక్కణ్ణించి తిన్నగా బంకుకి వెళ్లాం. మేడం తీగ దూర్చింది, బావ తొక్కాడు. పొగ అనడానికి కూడా మొహమాటపడేంత వచ్చింది. "ఏం చేశారండీ?" అని ఆవిడ ఆశ్చర్యపోతే, బావ గంభీరంగా, "ముక్కు సీదింది," అన్నాడు. ఈసారి ఇచ్చింది సర్టిఫికెట్టే. ఇంటికి వెళ్తుంటే, ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు బండి సన్నగా ఈల వేసింది. వెనక సీట్లోంచి అక్క, "అదిగో, వచ్చింది. దసరా మర్నాడే సెప్పాను గదరా నీకు, ఈల ఇనబడనేదని," అంది. శనివారం పని కూడా సాఫీగా అయిపోయింది. సోమవారం వచ్చిన తుక్కు కొట్టువాడికి అక్క కాఫీ ఇచ్చి పంపేసింది. తిప్పిన స్క్రూని బావ మళ్లీ తిప్పలేదు, లావు గొట్టం ఇప్పటికీ అటక మీదే ఉంది.

నేనిప్పుడు బ్యాటరీ కారు కొనుక్కున్నాను. పొగ లేదు, చప్పుడు లేదు. మొన్న దసరాకి మా ఆవిడ పసుపుగిన్నెతో నిలబడి దేనికి పెట్టాలని అడిగితే, "అక్కకి ఫోన్ చెయ్యి," అని పక్కకి తప్పుకున్నాను. ఇన్నేళ్లకు నాకు అబ్బిన జ్ఞానం అంతే. బావ కారు ఇంకా ఆ సందులోనే ఉంది, షిఫ్టు దిగి వస్తుంటే ఇంకా ఈల వేస్తుంది, అది వినే అక్క ఎసరు పెడుతుంది. ఆ ఇంట్లో ఆ ఇంజను ఎలా ఉందో చెవితో చెప్పగలిగిన మనిషి ఒక్కర్తే ఉండేది. నోటినిండా పులిహోర పెట్టుకుని నేను ఆవిడకి పాఠం చెప్పాను.