మా బావ సమ్మెట గురి

మా బావ చెయ్యి ఎత్తాడంటే అవతలివాడి పళ్లు రాలాల్సిందే. అరవై మూడేళ్లొచ్చినా ఆ దురుసు తగ్గలేదు సరికదా, నాలుగేళ్లుగా ఇంకా ముదిరింది. బస్సులో పక్కవాడి భుజం తగిలితే కాలర్ పట్టుకునేవాడు. సందులో గుద్దుకున్న సైకిలువాణ్ణి సైకిలుతో సహా ఎత్తి కాలవలో పడేశాడు. అందరూ కావాలనే తన మీదికొస్తున్నారనేవాడు, నగరంలో జనానికి ఆయన్ని గుద్దడం తప్ప వేరే పని లేనట్టు. పక్కనుంచి చెయ్యెత్తి నమస్కారం పెట్టినా చూడనట్టు సాగిపోయేవాడు. కళ్లు నెత్తికెక్కాయని వీధంతా తిట్టుకుంది. నేనూ తిట్టుకున్నాను.

మా ఇద్దరిదీ లారీ కింద బరువు మోసే కమాన్ పట్టీలు సాగగొట్టే షెడ్డు. నేను కొలిమిలోంచి ఎర్రగా కాలిన పట్టీని పట్టుకారుతో తీసి దాగలి ఇనపదిమ్మె మీద పెట్టి, చిన్న సుత్తితో ఒక చోట టక్కుమనిపిస్తాను. సరిగ్గా అక్కడే ఆయన సమ్మెట దించాలి. మధ్యలో మాటలుండవు. ముప్పై ఏళ్లలో ఒక్క దెబ్బ పక్కకి పోలేదు. ఆయన గురి చూడ్డానికి చుట్టుపక్కల షెడ్లవాళ్లు టీ గ్లాసులతో వచ్చి నిలబడేవాళ్లు.

అక్కకి మాత్రం అనుమానం. పక్కనే పెట్టిన నీళ్లగ్లాసు రోజూ తన్నేస్తున్నాడు, మెట్ల దగ్గర గోడ తడుముకుంటున్నాడు. షుగరుంది కదా, ఒకసారి కళ్లు చూపించుకోమన్నందుకు కంచం గోడకేసి కొట్టాడు. రెండోసారి అన్నప్పుడు అక్క పెదవి చిట్లింది. ఆ రోజు నేను బావని వాకిట్లో పడేసి కొట్టాను, ఆయన నన్ను అంతకు రెట్టింపు కొట్టాడు. మర్నాడు వాచిన మొహాలతోనే ఇద్దరం కొలిమి రాజేశాం.

నిజం చెప్పాలంటే నాకు అక్క పెదవి కంటే షెడ్డే ముఖ్యమైంది. బావ ఇంట్లో కూర్చుంటే సమ్మెట పట్టేదెవరు? దెబ్బ గురిగా పడుతున్నంతకాలం కళ్లకేం రోగం అనుకున్నాను.

ఆ మంగళవారం పక్క షెడ్డులోకి కొత్త కమ్మరి దిగాడు. మధ్యలో రేకు గోడొక్కటే అడ్డం. మధ్యాహ్నం నా పట్టుకారు జారి పట్టీ వంకరగా పడింది. సరిచేద్దామని తొడుగు వేసుకున్న ఎడమ చెయ్యి దాగలి మీద పెట్టాను. నా సుత్తి ఇంకా మోగనే లేదు. గోడ అవతల కొత్తవాడి సుత్తి టక్కుమంది. బావ సమ్మెట దించేశాడు.

రెండు వేళ్లు తొడుగులోనే నుజ్జయ్యాయి, కేక పెట్టాను. నొప్పి కంటే ముందు కోపం వచ్చింది. అక్కని, నన్ను, దారినపోయేవాళ్లని కొట్టిన మనిషి ఇప్పుడు నా చెయ్యీ చితక్కొట్టాడు. కుడిచేతిలో సుత్తి ఉంది. పక్కనుంచి వెళ్లి ఆయన కణతకి గురిపెట్టి ఎత్తాను. చంపేద్దామనే ఎత్తాను, ఇందులో దాపరికం లేదు.

ఆయన రెప్ప కూడా వెయ్యలేదు. కొలిమివైపే చూస్తూ, "ఏమైందిరా? ఎందుకలా అరిచావు? ఎక్కడున్నావు?" అన్నాడు.

సుత్తి ఆయన చెవికి జానెడు దూరంలో ఉంది. నా చెయ్యి దానంతటదే దిగిపోయింది.

"ఎన్నాళ్లనుంచి కనబడట్లేదు బావా?"

"నాలుగేళ్లు. ఎదురుగా ఎర్రగా మెరిసే ముక్క కనిపిస్తుంది. మిగతాదంతా నీ సుత్తి చప్పుడే. చెప్తే నన్ను మూల కూర్చోబెడతారుగా."

నా వేళ్లు తీసేసిన ఆసుపత్రిలోనే, వారం తిరక్కుండా, అక్క ఆయన్ని కళ్ల డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టింది. ఈసారి ఆయన చెయ్యి ఎత్తలేదు. నీటికాసులట, కంట్లో ఒత్తిడి పెరిగి నరం పాడయ్యే జబ్బు. పక్కచూపు మొత్తం పోయింది, పోయింది తిరిగి రాదు, మధ్యలో మిగిలిన కాస్తా మందులతో నిలబెట్టుకోవాలి అంది ఆవిడ. షుగరు, బీడీలు, ఇన్నేళ్లలో ఒక్కసారైనా కంటి పరీక్ష లేకపోవడం, అన్నీ రాసుకుంది. కంట్లో ఏమైనా వేస్తున్నారా అని అడిగితే బావ జేబులోంచి చిన్న సీసా తీశాడు. అది చూసి ఆవిడ మొహం మాడ్చుకుంది. ఎరుపు తగ్గించేదే గానీ, ఏళ్ల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెంచి చూపు తీసే మందట.

కొలిమి సెగకి ఆయన కళ్లెర్రబడినప్పుడు, చీటీ లేకుండా మందుల షాపులో అది కొని తెచ్చింది నేను. అయిపోయినప్పుడల్లా ఇంకోటి తెచ్చిందీ నేనే. ఏడేళ్లు. ఒక్క రోజు కూడా పని ఆగకూడదని.

"ఎవరిచ్చారు మీకిది?" అంది డాక్టరమ్మ.

నేను గోడమీది కంటి బొమ్మకేసి తల తిప్పుకున్నాను.

"నేనే కొనుక్కున్నానమ్మా," అన్నాడు బావ. "నాది మొదట్నుంచీ మొండిబుద్ధి. ఎవరి మాటా వినను."

అక్క అక్కడే ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. జీవితంలో ఎవరిచేతా ఒక మాట పడని మనిషి, తల వంచుకుని అన్ని తిట్లూ తిన్నాడు. నేను కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఇవాళ్టికీ అక్క ఆ సీసా పేరెత్తి ఆయన్ని తిడుతూనే ఉంది. నేనింకా చెప్పలేదు.