పది రోజుల భోజనం, ఐదు శాతం

ఆ ఆదివారం అంకుల్ వాళ్లింటికి బయలుదేరే ముందు డైరీలో మూడు ప్రశ్నలు రాసుకున్నాను. నోటితో అడగడం కష్టమనిపించినవి ముందు కాగితం మీద పెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఒకటి, నా పెన్షన్ డబ్బు వేరే కంపెనీకి మార్చినందుకు మీరెంత తీసుకుంటారు? రెండు, మార్చిన డబ్బు మీద మళ్లీ టాక్స్ రిలీఫ్ వస్తుందా? మూడు, ఉన్నచోటే వదిలేస్తే నష్టమేంటి?

రెండోదీ మూడోదీ అడిగాను. మొదటిది అడగలేదు.

ఎందుకు అడగలేదో చెప్పాలంటే నేను డబ్లిన్ వచ్చిన కొత్తలో గడిపిన పది రోజుల గురించి చెప్పాలి. తెలిసినవాళ్లకి తెలిసినవాళ్లు కావడం తప్ప మాకు ఏ చుట్టరికమూ లేని ఆ అంకుల్, ఆంటీ నన్ను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్లి, శాండీఫోర్డ్‌లో గది దొరికేదాకా వాళ్లింట్లో ఉంచుకున్నారు. వెళ్లే రోజు ఒక కవర్లో రెండు వందల యూరోలు పెట్టి డైనింగ్ టేబుల్ మీద ఉంచాను. ఆంటీ ఆ కవరు తెచ్చి నా గుప్పిట్లో కుక్కేసింది.

"ఇదేమన్నా హోటలా? ఇంకోసారి ఇలాంటి పని చేశావంటే గుమ్మం తొక్కనివ్వను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఆ ఇంట్లో నా నోట డబ్బు మాట రాలేదు.

అంకుల్ అప్పట్లో సాఫ్ట్‌వేర్. తర్వాత పరీక్షలు రాసి పెన్షన్ అడ్వైజర్ అయ్యారు. నాకు తెలిసిన తెలుగువాళ్లలో సగంమంది కాగితాలు ఆయన చేతి మీదుగానే వెళ్లాయి. "ఆయన ఫీజు తీసుకోరు," అని అందరూ గొప్పగా చెప్పేవారు. నేనూ నమ్మాను. కాదు, నమ్మలేదు. నమ్మి ఉంటే ఆ మొదటి ప్రశ్న రాసుకునేదాన్ని కాదు.

ఆరేళ్లు పనిచేసిన కంపెనీ వదిలి కొత్తదాంట్లో చేరాను. పాత ఉద్యోగంలో ఉండగా నా పేరున నెలనెలా కట్టిన పెన్షన్ ఇరవై నాలుగు వేల యూరోలయింది. నా జీవితంలో నేను దాచుకున్నది అదొక్కటే.

"అక్కడ అది అనాథలా పడి ఉంటుందమ్మా," అన్నారు అంకుల్ ఆ ఆదివారం, నా మూడో ప్రశ్నకి. "పట్టించుకునేవాడుండడు. నేనైతే ఒక కంట కనిపెట్టి చూస్తాను."

"మార్చినందుకు మళ్లీ టాక్స్ రిలీఫ్ వస్తుందా అంకుల్?"

"పెన్షన్ అంటేనే టాక్స్ రిలీఫ్ కదా తల్లీ! నలభై శాతం. బ్యాంకులో వేస్తే ఎవడిస్తాడు నీకు నలభై?"

మొదటి ప్రశ్న గొంతులోకి వచ్చింది. "మరి... మీకు..." అన్నాను. సరిగ్గా అప్పుడే ఆంటీ వంటింట్లోంచి పెసరట్టు తెచ్చి నా పళ్లెంలో వేసింది.

"ఎప్పుడూ పుస్తకాల్లో తల దూర్చే పిల్లవి, ఈ నాలుగు కాగితాలు నీకో లెక్కా? తినవే, చల్లారిపోతుంది."

తిన్నాను. అంకుల్ వేలు పెట్టి చూపించినచోటల్లా సంతకం చేశాను.

మూడు వారాలకి కొత్త పెన్షన్ కాగితాలు పోస్టులో వచ్చాయి. మర్నాడు లువాస్ ట్రామ్‌లో ఆఫీసుకి వెళ్తూ నవల పక్కన పెట్టి అవి చదివాను. పదకొండో పేజీలో ఒక వాక్యం: బదిలీ అయి వచ్చిన మొత్తంలో తొంభై ఐదు శాతం పెట్టుబడిగా వెళ్తుంది. దాన్ని నాలుగుసార్లు చదివాను. నవలల్లో ఏ పాత్ర ఎక్కడ మాట దాటేస్తోందో రెండు పేజీల ముందే పసిగట్టేస్తానని నాలో నేను మురిసిపోయేదాన్ని.

మధ్యాహ్నం కాంటీన్‌లో మా ఆఫీసులో జీతాల లెక్కలు చూసే ఐరిష్ ఆవిడకి ఆ పేజీ చూపించాను. అది చూపించడానికి కూడా నాకు అరగంట పట్టింది.

"తొంభై ఐదు. గ్రాండ్," అందావిడ, సరే అన్నట్టు, కళ్లజోడు సర్దుకుంటూ. "మరి మిగతా ఐదు ఎక్కడికి పోయింది?"

"టాక్స్ రిలీఫ్ నలభై వస్తుందిగా, దాంట్లో సర్దుకుంటుందేమో..."

ఆవిడ నవ్వలేదు. అందుకు ఆవిడకి ఇప్పటికీ కృతజ్ఞురాలిని. పేపర్ నాప్కిన్ వెనక రాసి చూపించింది. నా జీతంలోంచి పెన్షన్‌కి వంద వెళ్లిన ప్రతిసారీ నా చేతికొచ్చే డబ్బు తగ్గింది అరవయ్యే. మిగతా నలభై ఇన్‌కమ్ టాక్స్‌గా పోవలసింది, పోలేదు. అదే రిలీఫ్. ఆరేళ్లపాటు ప్రతి నెలా నాకది వచ్చేసింది. ఇప్పుడు మార్చడమంటే ఆ డబ్బే ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లడం. కొత్తగా ఒక్క సెంటు రాదు.

"ఆ ఐదూ చాలావరకు మీ అడ్వైజర్ కమిషనే అయ్యుంటుంది. నువ్వు విడిగా ఫీజు కట్టవు, నీ డబ్బులోంచే పోతుంది. ఎంతని అడిగావా?"

"లేదు."

"ఎందుకని?"

పది రోజుల భోజనం సంగతి ఇంగ్లీషులో చెప్పడం నాకు చేతకాలేదు.

ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. ఇరవై నాలుగు వేలలో ఐదు శాతం, పన్నెండు వందలు. నా గదికి ఒక నెల అద్దె. తర్వాత చెయ్యకూడని లెక్క ఒకటి చేశాను. పన్నెండు వందలు, పది రోజులు. రోజుకి నూట ఇరవై. ఆంటీ పప్పు అంత ఖరీదైనదని అప్పుడు తెలీదు. రాసి, వెంటనే కొట్టేశాను. ఆవిడ పప్పు నిజంగా ప్రేమతోనే పెట్టింది. ఆ సంగతే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

అంకుల్ అబద్ధం చెప్పలేదు. నేనడిగిన ప్రశ్న వదిలేసి పక్క ప్రశ్నకి జవాబు చెప్పారు. ఐదు మాట ఎత్తకుండా నలభై చూపించారు. ఆ నలభై అప్పటికే నాది.

ఆ కాగితాల్లోనే ఉంది, అవి అందిన ముప్పై రోజుల్లోపు మనసు మార్చుకోవచ్చని. డబ్బు వెనక్కి తీసుకుంటారా అని పాత పెన్షన్ కంపెనీకి ఈమెయిల్ పెట్టాను. తీసుకుంటామన్నారు. ఇరవై ఆరో రోజున రద్దు ఉత్తరం పంపాను. అంకుల్‌కి ఒక్క ముక్క చెప్పలేదు. ధైర్యం చాలలేదు.

రెండు రోజులకి ఆయనే ఫోన్ చేశారు.

"ఏంటమ్మా ఇది? కంపెనీవాళ్లెవరో చెప్తే నాకు తెలియాలా? మీ నాన్నలాంటివాణ్ణి కదా, నాతో అనకూడదా?"

"ఆ ఐదు శాతం అంకుల్..."

"అంతా కాగితాల్లోనే ఉంది కదమ్మా. దాచిందేం లేదు. నువ్వడిగితే నేను చెప్పేవాణ్ణి కాదూ? సరే, మన అమ్మాయివి కాబట్టి నీకు రెండు శాతమే చేస్తాను. ఆ ఉత్తరం వెనక్కి తీసుకో."

"థాంక్స్ అంకుల్," అనేశాను. ఆయనకి థాంక్స్ చెప్పడం నా నోటికి అంతగా అలవాటైపోయింది. అన్నాక తట్టింది. ఇవాళ ఒక్క మాటతో రెండవగలిగింది, ఆ ఆదివారం ఐదెందుకయింది? ఎంత తీసుకోవాలో నిర్ణయించింది ఆయనే. పెసరట్టు తింటున్న నన్ను చూస్తూ నిర్ణయించారు.

"ఉత్తరం వెనక్కి తీసుకోను అంకుల్," అన్నాను. "ఇప్పుడడుగుతున్నాను. నా డబ్బులోంచి మీకెంత వచ్చేది?"

అవతల కుక్కర్ విజిల్ వేసింది.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా," అన్నారు. "ఉండు, మీ ఆంటీ మాట్లాడుతుందట."

ఫోను చేతులు మారిన చప్పుడు.

"ఏమ్మా, బొత్తిగా కనిపించడం మానేశావు," అంది ఆంటీ. ఏమీ తెలియని గొంతు. "తిన్నావా?"

"తిన్నాను ఆంటీ," అన్నాను. తినలేదు.