కరణం గారి అరుగు మీద చచ్చిపోయినవాళ్లు

అరవైల మొదట్లో నేను మనుబోలు దగ్గర ఒక పల్లెలో పంతులుగా ఉన్నాను. ఒక ఎండాకాలం ఓటర్ల జాబితా సరిదిద్దే పని నా నెత్తిన పడింది. ఇల్లిల్లూ తిరిగి చనిపోయినవాళ్ల పేర్లు కొట్టేయాలి, ఇరవై ఒకటి నిండినవాళ్లను చేర్చాలి.

"ఎండలో తిరిగి ఏం సాధిస్తావయ్యా? ఊరంతా నా నాలిక మీదే ఉంది," అన్నారు కరణం గారు.

ఆయన అరుగు చల్లగా ఉంది. ఇచ్చిన మజ్జిగ ఇంకా చల్లగా ఉంది. ప్రజాస్వామ్యాన్ని అక్కడే కూర్చుని గంటన్నరలో సరిదిద్దేసినాను. నేను పేరు చదివేది, ఆయన "ఉండాడు", "పోయింది" అనేది. యముడికి కూడా పని అంత సులువుగా సాగదు.

జాబితా బడి గోడకు అంటించిన మూడోరోజు, కూలికిపోయే ఒక ముసలామె వచ్చింది. ఎవరో చదివి చెప్పినారంట.

"అయ్యోరా, నేను సచ్చినానంట గదా! ఎప్పుడు సచ్చినానో చెబితే నా దినాలు నేనే చేసుకుంటా."

కరణం గారిని అడిగితే విసుక్కున్నారు. "అది కూతురింటికి పోయింది గదయ్యా. పోయిందన్నాను. చచ్చిందన్నానా?" వ్యాకరణం ప్రకారం ఆయన తప్పేమీ లేదు.

ఆమెను బస్సెక్కించి గూడూరు తాలూకా ఆఫీసుకు తీసుకుపోయినాను. గుమాస్తా ఆమెను ఎగాదిగా చూసినాడు.

"బతికున్నట్టు రుజువేంది?"

"ఎదురుగా నిలబడి ఉందండీ."

"అది చెల్లదు. కరణం రాసిచ్చిన కాగితం తెండి."

చచ్చిందని నోటిమాటతో తేల్చేసిన ఆయన, బతికుందని రాసివ్వడానికి మూడు రోజులు తిప్పినారు. నాలుగోరోజు ఆమె జాబితాలో ఇంకెవరెవరున్నారో నా చేత చదివించుకుని, నేరుగా అరుగు ముందుకు పోయి నిలబడింది.

"సామీ, రెండేళ్ల కింద పోయిన మీ నాయన ఓటేస్తాడంట. బతికుండే నేను వేయకూడదా?"

అరుగు మీద కూర్చున్న నలుగురూ తలలు వంచుకుని నవ్వుకున్నారు. కాగితం అప్పటికప్పుడే వచ్చింది. ఆమె పేరు మళ్లీ జాబితాలోకెక్కింది. పెద్దాయన పేరు కొట్టేసేటప్పుడు మాత్రం కరణం గారు మొహం పక్కకు తిప్పుకున్నారు. ఆ ఒక్క క్షణం ఆయన మీద నాకు కోపం రాలేదు.

నా మీద నాకే వచ్చింది. ఆ వారమంతా గొడుగేసుకుని గడపగడపా తిరిగినాను. నేను కొట్టేసిన ఇంకో ముగ్గురు బయటికొచ్చి, కూర్చోమని మంచమేసి, తాగడానికి నీళ్లిచ్చినారు.