డిపోలో నేర్చుకున్న మిరపకాయ

సైన్యంలో ఎందుకు చేరారని ఎవరైనా అడిగితే, చేరలేదు, చేర్చారు అని చెబుతాను. మా ఊరు సత్తెనపల్లికి ఆరు మైళ్ళు. నాయనకు మేమిద్దరం కొడుకులం. ఉన్నది కౌలు పొలం, దానికి ఒక మగమనిషి చాలు. సరిహద్దులో యుద్ధం జరిగిన మరుసటేడు గుంటూరులో సైన్యానికి మనుషుల్ని తీసుకుంటున్నారని, కుర్రాళ్ళున్న ఇళ్ళవాళ్ళు ఆలోచించమని పాస్టరుగారు చర్చిలో చెప్పారు. వరస ప్రకారం వెళ్ళాల్సింది అన్న. అన్నకు పెళ్ళయి అప్పటికి మూడు నెలలు. ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ నాయన తలెత్తి నావైపు చూసి, నువ్వెళ్ళు అన్నాడు. ఆ మాట మీద ఇంట్లో చర్చేమీ జరగలేదు. మర్నాడు గుంటూరులో నా ఛాతీ కొలిచారు, పరిగెత్తించారు, పళ్ళు చూశారు. ఆ వారంలోనే రైలెక్కాను.

ఇరవై రెండేళ్ళ తరువాత, ఎనభైల మధ్యలో, హవల్దారుగా అదే స్టేషన్లో దిగాను. నేను తుపాకీ పేల్చింది శిక్షణలోనే. నన్ను సరఫరా విభాగంలో వేశారు. ఉత్తరాదిన మూడు నాలుగు డిపోల్లో, జవాన్లు తినే బియ్యం, పప్పు, నూనె, కారం పరీక్షించి గోదాములోకి తీసుకోవడం నా పని. చెప్పుకోవడానికి వీరగాథ లేదు. కానీ నేను సరే అన్న బస్తాలోది తిని ఏ జవానూ జబ్బు పడలేదు. అది తక్కువ సంగతి అని నేనెప్పుడూ అనుకోలేదు.

మిరపకాయల విషయంలో మా డిపోల్లో నా మాటకు తిరుగు లేదు. గుంటూరు వాడివి, నీకు తెలియనిదేముంది అనేవారు అధికారులు. నిజానికి నాకు తెలిసిందంతా బస్తా మూతి విప్పిన తరువాతి సంగతే. కాయ తీసుకుని చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజ గలగలలాడాలి. మెత్తగా వంగితే ఎవరో తూకం కోసం నీళ్ళు చల్లారన్నమాట. అలాంటి బస్తా నెల తిరిగేసరికి లోపల తెల్లబూజు పడుతుంది. ఒకసారి లారీ మొత్తం వెనక్కి పంపాను. కాంట్రాక్టరు వచ్చి సాబ్, సాబ్ అని బతిమాలినా సంతకం పెట్టలేదు. సైన్యం వదిలి వచ్చాక చాలా ఏళ్ళు సత్తెనపల్లి నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాశాను. చేత్తో తడిమి చూడనిదే రాయడని నాకు పేరుండేది. అది ఆ గోదాముల్లో అబ్బిన గుణమే.

తిరిగొచ్చిన ఏడు అన్న రెండెకరాల్లో మిరప వేశాడు. నేనూ చేయి కలిపాను. కాపు బాగా వచ్చింది. మూడో కోత కూడా కల్లంలో ఎండి నేలంతా ఎర్రగా పరుచుకుంది. ఇంటిల్లిపాదికీ ఏడాదంతా అదే ఆధారం. వేరే పంట లేదు. పొలం పనుల్లో అన్న చెప్పినట్టే చేశాను గానీ, బస్తాలకెత్తే రోజున మాత్రం పెత్తనం నేను తీసుకున్నాను. తెల్లవారుజామున ఎత్తుదామని కూలీలు గోతాలు తెచ్చుకుని వస్తే, మంచుకు తడిసిన కాయ ఎత్తడానికి వీల్లేదని తిప్పి పంపాను. ఎండ నడినెత్తికొచ్చాక రమ్మన్నాను. అన్న తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి విన్నాడు. సరేరా అన్నాడు.

మధ్యాహ్నం కాయ నేను కోరుకున్నట్టే గలగలలాడింది. గోతాంలో పోసి మనిషి లోపలికి దిగి తొక్కుతుంటే, ఎండుటాకుల మీద నడిచినట్టు చప్పుడు. కారం గాల్లోకి లేచింది. తొక్కేవాడు తుమ్మాడు, కుట్టేవాడు తుమ్మాడు, రోడ్డున పోయే బండివాడు కూడా తుమ్మి మమ్మల్ని తిట్టాడు. ఆడకూలీలు ముఖాలకు కొంగులు చుట్టుకుని, మిలిటరీ వాళ్ళు శత్రువుల్ని ఇట్లాగే కొడతారేమో అని నవ్వుకున్నారు. నేను వాళ్ళను పట్టించుకోలేదు. ఆరు బస్తాలయ్యాయి.

ఆరో బస్తా పక్కకు జరపబోయి వదిన ఆగిపోయింది. కింద నేల మీద గింజలు పోసినట్టున్నాయి. గోతాం సందుల్లోంచి ఇంకా రాలుతూనే ఉన్నాయి. మూతి విప్పి చెయ్యి పెట్టి పిడికెడు తీసింది. అందులో నిండు కాయ ఒక్కటి కూడా లేదు. అన్నీ చితికిన ముక్కలూ తొడిమలూ. గుంటూరు మార్కెట్ యార్డులో ఇట్లాంటిదాన్ని కారం మిల్లువాళ్ళు తప్ప ఎవరూ అడగరు. వాళ్ళడిగే ధర కూలీలకు కూడా చాలదు. కల్లంలో ఇంకా ఇరవై బస్తాల కాయ ఉంది.

నేను అన్న కోసం చూశాను. కల్లం అవతల నా వైపు వీపు పెట్టి కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నాడు.

"నీకు మీ అన్న చెప్పడయ్యా," అంది వదిన. "నన్నూ చెప్పొద్దన్నాడు. మంచు పదునుకు కాయ వంగుతుంది, విరగదు. మా అమ్మకు తెలుసు, వాళ్ళ అమ్మకు తెలుసు. నీళ్ళు కొట్టడం వేరు, మంచు వేరు."

"మరి పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఆయన బదులు పోయావంట. మన కాపురం కోసం వాడు ఇరవై రెండేళ్ళు జైలు చేసొచ్చాడు, వాడికి నేనేం చెబుతానే అంటాడు. నువ్వు ఇల్లు తగలబెట్టినా సరేరా అనే రకం."

చితికిన కాయల కంటే ఆ జైలు అనే మాట ఎక్కువ మండింది. ఎందుకంటే అది అబద్ధం. ఆ అబద్ధం ఇంటికి రాసి పంపింది నేనే.

పదిహేనేళ్ళు నిండినప్పుడు నా ముందు కాగితం పెట్టారు. పింఛనుతో ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఉండదలుచుకుంటే సంతకం పెట్టాలి. పెద్దగా ఆలోచించకుండానే పెట్టాను. మా ఊళ్ళో మా పేటవాళ్ళను ఎంత వయసొచ్చినా ఒరే అనే పిలిచేవాళ్ళు. డిపోలో నా సంతకం లేనిదే లారీ కదలదు. పని నచ్చింది, నేను పనికొచ్చాను. వెళ్ళేటప్పుడు నన్నెవరూ అడగలేదు గానీ, ఉండిపోవాలా వద్దా అన్నది నన్నే అడిగారు, నేనే ఉంటానన్నాను. నా ఉద్యోగం గురించి గర్వంగా చెప్పుకోదగ్గ మాట అదొక్కటే. ఆ మాటను ఇంటివాళ్ళ దగ్గర దాచాను. సర్కారు వదలడం లేదని ఇన్‌లాండ్ లెటర్‌లో రాశాను. రానని రాసే ధైర్యం లేకపోయింది.

వెళ్ళి అన్న ఎదురుగా కూర్చున్నాను. ఇదంతా చెప్పాను. అన్న చేతిలోని కాయ తొడిమ పట్టుకుని తిప్పుతూ చివరిదాకా విన్నాడు.

"అంటే చివరి ఏడేళ్ళూ నీ ఇష్టానికే ఉన్నావా?"

"నా ఇష్టానికే."

"ఒరేయ్, ఆ ఏడేళ్ళూ ప్రతి ఆదివారం లేచి నిలబడి, మా తమ్ముణ్ణి విడిపించు ప్రభువా అని చర్చి మొత్తం చేత ప్రార్థన చేయించానురా. పాస్టరుగారు విసుక్కుంటున్నా వదల్లేదు."

వదిన పెద్దగా నవ్వింది. అన్న నవ్వలేదు. లేచి పంచె దులుపుకుని ఆరు బస్తాల దగ్గరికి వెళ్ళాడు. ఒక్కొక్కటే తన్ని చూశాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. బుద్ధి ఉందా అన్నాడు. గింజ రాలితే కాయకు బరువేముంటుందిరా అన్నాడు. డిపోలో తినేవాళ్ళు కదా మీరు, పండించేవాళ్ళా అన్నాడు. కూలీల ముందే అన్నాడు. వాళ్ళు కొంగుల చాటున నవ్వారు. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, అధికారి ముందు నిలబడ్డట్టే నిలబడి విన్నాను. అంత హాయిగా ఎప్పుడూ తిట్లు తినలేదు.

సాయంత్రం మిగిలిన కాయను కుప్పలు చేయించాడు. తెలతెలవారుతుండగా నన్ను లేపి కల్లంలోకి తీసుకెళ్ళి, కుప్పలో చెయ్యి పెట్టించి ఒక కాయ నా వేళ్ళమధ్య పెట్టాడు.

"వంచు."

వంచాను. తోలు తాడులా వంగింది, విరగలేదు.

"తడి తగులుతోందా?"

లేదన్నాను. అయితే గోతాంలోకి దిగమన్నాడు. దిగి తొక్కాను. కింద చప్పుడు లేదు, కాయ మెత్తగా అణుగుతోంది. అటు తిరుగు, మూల వదిలేశావు, మడమతో కాదు పాదంతో అంటూ పక్కనే నిలబడి చెబుతూనే ఉన్నాడు. తొమ్మిదో బస్తా సగంలో ఉండగా నేల మీద ఎండ పడింది. కుప్పలోంచి మరో కాయ తీసి వంచి చూశాడు. చిటుక్కుమంది.

"చాలు. మిగతాది రేపు. గోతాంలోంచి దిగు," అన్నాడు.

దిగాను.