రెండు సీసాల మీది అక్షరాలు

1937 ఎండాకాలం. నిజామాబాద్‌లో ఒక చిన్న ప్రెస్సులో నేను కంపోజిటర్‌ని. సీసపు అక్షరాలు ఏరి వరసలు పేర్చడం నా పని. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. కూలీల రద్దీ చూసి ఒక డాక్టరుగారు అక్కడ దవాఖాన తెరిచారు. అక్కడి కాంపౌండర్ నర్సయ్య ఒక మధ్యాహ్నం రెండు సీసాలతో వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, గిండ్ల ఏది దగ్గుమందు, ఏది రుద్దే మందు? జల్ది సదువు."

వెలుతురులోకి తిప్పితే గానీ తెలియలేదు. ఒకటి లింక్టస్, తాగేది. రెండోది లినిమెంట్, కీళ్లకు రుద్దేది, లోపలికి పోతే విషం. చీటీల మీద రెండు పేర్లూ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే ఉన్నాయి. గీత ఒకవైపు లావు, ఇంకోవైపు వెంట్రుకంత సన్నం. నున్నటి కాగితం మీదైతే ఆ టైపు మెరిసిపోతుంది. ఈ గరుకు కాగితం మీద సన్నగీతలు మాయమై, లావు గీతలు కంచె గుంజల్లా మిగిలాయి.

"మా దవాఖానకొచ్చే ముసలి గంగవ్వ రుద్దే మందు నోట్ల పోసుకున్నది. మింగకముందే ఉమ్మేసింది కాబట్టి బతికింది. దగ్గుమందనుకొని నా చేత్తోనే ఇచ్చిన. గీ చీటీలు మార్చి అచ్చెయ్యి. రేపే అంగడి, జనమంతా వస్తరు."

నేను కాస్లన్ టైపు తీశాను. పాత ఇంగ్లీషు అచ్చు. దాని సన్నగీత మరీ సన్నం కాదు. గీతల చివర ఉండే చిన్న పాదాలను సెరిఫ్ అంటారు. కాస్లన్‌లో అవి గట్టిగా నిలబడి గరుకు కాగితం మీద కూడా సిరా పట్టుకుంటాయి. తాగే మందు పేరు చిన్న అక్షరాల్లో, రుద్దే మందు పేరు పెద్ద అక్షరాల్లో కట్టాను. సీసాకు మందు జిడ్డంటినా కనబడాలని, అచ్చైన చీటీల మీద నూనె పూసి దూరం నుంచి చూపించాను. నర్సయ్య రెండూ తడుముకోకుండా చదివాడు. అయినా సీసాలను అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. నాకూ మనసు కుదుటపడక అతనితోపాటు బోధన్ బస్సెక్కాను.

డాక్టరుగారు చూసి పాత చీటీలన్నీ చింపేయమన్నారు. మరునాడు అంగడికి గంగవ్వ వచ్చింది. పెదవులు ఇంకా పొక్కి ఉన్నాయి. కొత్త సీసాలు చూసి అంది:

"మంచిగనే ఉన్నయ్ బిడ్డా. గని నాకు సదువొస్తదా? ఇంట్ల సీకట్ల రెండూ ఒక్కతీరే."



తిరుగు ప్రయాణంలో కిటికీ బయట చెరకు తోటలు వెళ్తున్నా నాకు ఏదీ కంటికి ఆనలేదు. ప్రెస్సుకు చేరగానే బొమ్మల అర వెతికాను. ప్రకటనల్లో 'ఇటు చూడండి' అనడానికి వాడే సీసపు చెయ్యి బొమ్మ దొరికింది. దాన్ని రుద్దే మందు చీటీ మీద, పేరుకంటే పెద్దగా పెట్టాను. తాగే మందు మీద ఏ బొమ్మా పెట్టలేదు.

తర్వాతి అంగడికి గంగవ్వ ఆ సీసా చూడగానే అరచెయ్యి మోకాలి మీద పెట్టుకుంది.

"గిది రుద్దుడు. చెయ్యి లేనిది తాగుడు. గంతేగదా?"

నర్సయ్య ముఖం తిప్పుకొని కళ్లు తుడుచుకున్నాడు.

మంచి అక్షరం చదివేవాడి దాకే తోడు వస్తుంది. నేను అచ్చేసిన కాగితం మాత్రం చదవలేనివాళ్ల ఇళ్లలోకీ పోతుంది. అందుకే ఇప్పటికీ మందు చీటీ ప్రూఫ్ చేతికి రాగానే వీధిలోకి వెళ్లి, పోతున్నవాళ్లను ఆపి అడుగుతాను: "అవ్వా, గిదేందో చెప్పు."